అడవి బాటకు అగ్గి, పొయ్యి, గిన్నె: తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ వైపు నుంచి గుట్టలెక్కేవాళ్లు, నదీతీరాల్లో మకాం వేసేవాళ్లు ఈ నాలుగైదేళ్లలో బాగా పెరిగారు. వాళ్లలో కొత్తవాళ్లు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒక్కచోట రాస్తున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, దేనికదే పూర్తిగా ఉంటుంది.

## వెళ్లాలనుకున్నప్పుడు

నల్లమలలో మంట పెట్టుకొని వండుకోవచ్చా?

వద్దు. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొత్తం విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొంత నల్లగొండ జిల్లాలో ఉంది. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం, మంటను అలాగే వదిలేసి వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 30 ప్రకారం నేరం. కట్టెల మంటైనా, గ్యాస్ స్టవ్వైనా, అటవీ సిబ్బంది అనుమతించిన చోట తప్ప వెలిగించకండి.

చట్టం కంటే పెద్ద కారణం నేల మీదే కనిపిస్తుంది. నల్లమల చాలావరకు ఆకురాల్చే అడవి. ఫిబ్రవరికల్లా ఆకు రాలిపోతుంది, మార్చికి గడ్డి గలగలలాడుతుంది, వెదురు ఎండిపోతుంది. సలేశ్వరం జాతర జరిగే చైత్ర పౌర్ణమి రోజులు సరిగ్గా ఈ ఎండు కాలంలోనే వస్తాయి. ఆరకుండా పారేసిన బీడీ ముక్క చాలు, మంట గుట్టెక్కుతుంది. కిందున్న మొలకలు, నేల మీద గూళ్లు పెట్టుకునే పక్షుల గుడ్లు, తాబేళ్లు అన్నీ అందులో పోతాయి. ఇప్పపువ్వు, తునికాకు, తేనె మీద బతికే చెంచు పెంటలకు (గూడేలకు) అది ఏడాది తిండి మీద దెబ్బ. మన్ననూరు నుంచి ఫరహాబాద్ వైపు వెళ్తూ కాలి నల్లబడ్డ నేలను ఒకసారి చూసినవాళ్లు జేబులో అగ్గిపెట్టె పెట్టుకొని లోపలికి పోవాలని అనుకోరు.

మరైతే ఈ సామానంతా ఎక్కడ పనికొస్తుంది?

సొంత చేను, తెలిసినవాళ్ల మామిడి తోట, అనుమతి ఉన్న క్యాంపు స్థలాలు, సోమశిల వైపు కృష్ణ ఒడ్డున ఊరివాళ్లు సరేనన్న చోట్లు, ఇంకా హిమాలయాల్లో చేసే ట్రెక్కులు. దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ కోటల్లో మాత్రం గోడల దగ్గర, మండపాల్లో పొయ్యి పెట్టకండి. ఆ మసి ఎన్నేళ్లైనా పోదు.

అసలు పొయ్యి లేకుండా వెళ్లలేమా?

హాయిగా వెళ్లొచ్చు. ఒక రాత్రి ప్రయాణానికి నేను ఎక్కువసార్లు చెప్పేది అదే. మన పెద్దవాళ్లు సద్ది కట్టుకొని చేనుకు పోయారు, బండి కట్టుకొని జాతరలకు పోయారు. ఎండబెట్టినట్టు గట్టిగా కాల్చిన జొన్న రొట్టె రెండు మూడు రోజులు చెడదు. దానికి పల్లీల పొడి, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కారం ఉంటే కడుపు నిండుతుంది. చింతపండు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ ఉంటే పచ్చిపులుసు చల్లనీళ్లతోనే అయిపోతుంది. అటుకులు పది నిమిషాలు నానితే చాలు. పులిహోర మొదటి రోజు రాత్రి వరకు ఆగుతుంది. మే నెల ఎండలో మాత్రం పెరుగన్నాన్ని నమ్మకండి.

పొయ్యి మానేస్తే స్టవ్, గ్యాస్, గిన్నె కలిపి కిలో దాకా బరువు తగ్గుతుంది. మన దగ్గర వేసవి నడకలో ఆ కిలో స్థానంలో ఒక లీటరు నీళ్లు ఎక్కువ మోయడం చాలా తెలివైన పని. చలికాలంలో, వానాకాలంలో వేడి చాయ్ విలువ వేరు. అప్పుడు పొయ్యి గురించి ఆలోచించండి.

## కొనేటప్పుడు

మొదటిసారి కొంటున్నాను. గ్యాస్ స్టవ్వా, స్పిరిట్ స్టవ్వా, కట్టెల డబ్బా పొయ్యా?

గ్యాస్ స్టవ్. ఒక్క కారణం చెప్పమంటే, నాబ్ తిప్పితే ఆరిపోతుంది. ఎండుగడ్డి ఉన్న నేలలో అంతకంటే ముఖ్యమైన గుణం పొయ్యికి లేదు. గ్యాస్ డబ్బా మీద బిగించే చిన్న స్టవ్ 80 నుంచి 120 గ్రాములే ఉంటుంది, మంట తగ్గించుకోవచ్చు, అన్నం మాడదు.

స్పిరిట్ స్టవ్ తేలిక, చప్పుడు చేయదు. కానీ స్పిరిట్ మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనిపించదు. ఆరిపోయిందనుకొని సీసాలోంచి మళ్లీ పోస్తే మంట సీసాలోకే పాకుతుంది. గిన్నె తన్నుకుంటే మండే ద్రవం నేల మీద పరుచుకుంటుంది. అనుభవం లేనివాళ్ల చేతికి నేనైతే ఇవ్వను.

డబ్బా పొయ్యిలో చితుకులు వేసి వండొచ్చు, ఇంధనం మోయక్కర్లేదు. అయితే నిప్పురవ్వలు ఎగురుతాయి, వానలో తడి పుల్లలు అంటుకోవు, గిన్నె మసి సంచికంతా అంటుతుంది. సొంత పొలంలో, నేల శుభ్రం చేసుకొని వాడుకోవడానికి బాగుంటుంది.

హెక్సమిన్ అనే గట్టి ఇంధనం బిళ్లలు సైనికులు వాడేవి. ఒక్కోటి 14 గ్రాముల బిళ్ల పన్నెండు నిమిషాల దాకా మండి అర లీటరు నీళ్లు కాస్తుంది. అత్యవసరానికి నాలుగు బిళ్లలు దగ్గరుంచుకోవడం మంచిదే. వాసన ఘాటుగా ఉంటుంది, గిన్నె అడుగున జిగట పేరుకుంటుంది, రోజూ వంటకు పనికిరావు.

గ్యాస్ డబ్బాల్లో ఖరీదైన మిశ్రమం కొనాలా, మామూలు బ్యూటేన్ సరిపోతుందా?

మన ప్రాంతానికి మామూలు బ్యూటేన్ చాలు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర, కచ్చితంగా చెప్పాలంటే మైనస్ 0.5 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం ఆపేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 11.7 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి. ఖరీదైన డబ్బాల్లో ఈ రెండూ కలుపుతారు. జనవరి తెల్లవారుజామున గుట్ట మీద కూడా మనకు గడ్డకట్టే చలి రాదు. కాబట్టి ఆ అదనపు డబ్బులు ఇక్కడ వృథా. హిమాలయాలకు వెళ్తే మాత్రం మిశ్రమమే కొనాలి, అదీ అక్కడికి వెళ్లాకే.

మన సమస్య చలి కాదు, ఎండ. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మహబూబ్‌నగర్‌లో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి తేలిగ్గా దాటుతుంది. డబ్బాను కారులో వదిలేసి గుట్టెక్కకండి. సంచి మధ్యలో, బట్టల్లో చుట్టి, నీడలో ఉంచండి.

పొడుగు డబ్బాకు, పొట్టి డబ్బాకు తేడా ఏమిటి? ఏది తీసుకోవాలి?

పొట్టిగా, గుండ్రంగా ఉండేదానికి పైన మరలు ఉంటాయి, స్టవ్‌ను నేరుగా తిప్పి బిగించొచ్చు. ఎక్కువగా దొరికేది 230 గ్రాముల గ్యాస్ పట్టే సైజు. పొడుగుది 220, 225 గ్రాముల బ్యూటేన్‌తో వస్తుంది, బల్ల మీద పెట్టుకునే పెట్టె స్టవ్‌ల కోసం చేసింది. అది చవక, పట్టణాల్లో దొరకడమూ తేలిక.

నడకకు పొట్టిదే తీసుకోండి. దాని అడుగు వెడల్పు, గిన్నె పెట్టినా ఊగదు. పొడుగు డబ్బాను పెట్టె స్టవ్‌లో పడుకోబెట్టేటప్పుడు మూతి అంచున ఉన్న గాడి పైకి ఉండాలి. కిందికి తిరిగితే ఆవిరికి బదులు ద్రవమే బయటికొచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఈ ఒక్క విషయం మీ జట్టులో అందరికీ చూపించండి.

ఐదు కిలోల చిన్న సిలిండర్ తీసుకెళ్తే పదిమందికి వండొచ్చు కదా?

బండి నేరుగా మకాం దగ్గరికి వెళ్తే సరే. ఇనుప సీసా బరువుతో కలిపి పది కిలోలు దాటుతుంది కాబట్టి వీపు మీద మోసేది కాదు. అధీకృత ఏజెన్సీలో ఇచ్చే సిలిండరే తీసుకోండి. పెద్ద సిలిండర్ నుంచి పైపు పెట్టి నింపి అమ్మే చిన్న సిలిండర్లు, మళ్లీ నింపిన పాత డబ్బాలు ఎంత చవకైనా ముట్టుకోవద్దు. వాటిలో ఎంత నింపారో, వాల్వు ఏ స్థితిలో ఉందో ఎవరికీ తెలియదు.

ఫెర్రో రాడ్ కొనమంటున్నారు. లైటర్ ఉంటే చాలదా?

రోజువారీ పనికి లైటరే మేలు. లోపలి గ్యాస్ బయటికి కనిపించే రకం కొనండి, ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఫెర్రో రాడ్ అంటే ఉక్కుతో గీస్తే రవ్వలొచ్చే లోహపు కడ్డీ, అది లైటర్ మొరాయించినప్పటి కోసం.

సోమశిల వైపు ఒక రాత్రి మకాంలో ఈ పాఠం నాకు గట్టిగా తగిలింది. అర్ధరాత్రి వాన కొట్టింది. రెండు లైటర్లు, ఒక అగ్గిపెట్టె ఉన్నాయన్న ధీమాతో ఉన్నాం. మూడూ సంచి బయటి జేబులో ఒకే చోట ఉన్నాయి. తెల్లారేసరికి అగ్గిపుల్లల మందు మెత్తబడింది, లైటర్ల చక్రాలు తడిసి రవ్వే రాలేదు. చలికి వణుకుతున్న ఒక పెద్దాయనకు వేడి నీళ్లు ఇవ్వడానికి గంట పట్టింది. అప్పటినుంచి అగ్గి పుట్టించేవి మూడు రకాలు, మూడు చోట్ల పెడుతున్నాను. లైటర్ ప్యాంటు జేబులో, అగ్గిపెట్టె వంట సామానులో, ఫెర్రో రాడ్ సంచి అడుగున.

ఫెర్రో రాడ్ తడిసినా తుడిస్తే పనిచేస్తుంది. దాని రవ్వ వేడి 3,000 డిగ్రీల దాకా ఉంటుంది. లైటర్‌లో ఉండే చిన్న రాయి కూడా ఈ లోహమే, 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫన్ వెల్స్‌బాఖ్ తయారుచేశాడు. మన పూర్వీకుల చెకుముకి దీనికి తిరగబడ్డది. అక్కడ రాయి గీస్తే ఉక్కు నుంచి రవ్వ వచ్చేది, ఆ రవ్వను బూరుగు దూది పట్టుకునేది. ఇక్కడ ఉక్కు గీస్తే కడ్డీ నుంచే రవ్వ వస్తుంది. కొత్త కడ్డీ మీది నల్లపూత గీకేయండి, ఇంటి దగ్గర గచ్చు మీద ఇరవైసార్లు సాధన చేయండి. గ్యాస్ స్టవ్ నేరుగా అంటుకుంటుంది. కట్టెలకైతే దూది లాంటి మెత్తటిది ఏదో ఒకటి కావాలి.

వంటింట్లో వాడే గ్యాస్ లైటర్ తీసుకెళ్లొచ్చా?

గ్యాస్ స్టవ్‌కు పనిచేస్తుంది. దానిలో మంట రాదు, రవ్వ మాత్రమే వస్తుంది కాబట్టి కాగితం, పుల్లలు అంటుకోవు. దాని ఒక్కదాని మీద ఆధారపడొద్దు. స్టవ్‌కే బిగించి వచ్చే మీట కూడా తేమకు మొరాయిస్తుంది.

గిన్నె ఏ లోహంది కొనాలి?

అన్నం, ఉప్మా వండేవాళ్లు గట్టిపూత వేసిన అల్యూమినియం గిన్నె తీసుకోండి. వేడి అడుగంతా సమానంగా పాకుతుంది. టైటానియం చాలా తేలిక, ధర ఎక్కువ. మంట తగిలిన చోటే కాలుతుంది కాబట్టి అన్నం మధ్యలో మాడి అంచుల్లో పలుకుగా ఉంటుంది. నీళ్లు కాచుకొని నూడుల్స్‌లో పోసుకునేవాళ్లకే అది లాభం. ఇంట్లో ఉన్న స్టీలు గిన్నె బరువే గాని ఖర్చు లేదు, మొదటి రెండు ప్రయాణాలకు అదే వాడి చూడండి. పలచటి సిల్వర్ (పూత లేని అల్యూమినియం) గిన్నెలో పచ్చిపులుసు, టమాటా లాంటి పులుపు వస్తువులు నిలవ ఉంచకండి.

ఇద్దరికి లీటరు, నలుగురికి రెండున్నర లీటర్ల గిన్నె సరిపోతుంది. మూత తప్పనిసరి, మూత లేకపోతే గ్యాస్ వృథా. పిడి లేని గిన్నెకు ఇంట్లో ఉండే పటకారు చాలు.

## సంచి సర్దేటప్పుడు

ఇద్దరం, రెండు రోజులు. ఎంత గ్యాస్ కావాలి?

230 గ్రాముల డబ్బా ఒకటి చాలు, మిగులుతుంది కూడా. లీటరు నీళ్లు మరగడానికి గాలి లేని చోట 12 నుంచి 15 గ్రాములు పడుతుంది. ఇద్దరికి రోజుకు రెండు పూటల చాయ్, ఒక పూట ఉప్మా, ఒక పూట అన్నం అంటే 50, 60 గ్రాములనుకోండి. బియ్యం అరగంట ముందు నానబెడితే, ఎసరు మరిగాక మంట తగ్గించి మూత పెడితే ఇంకా తగ్గుతుంది. పప్పు మాత్రం కుక్కర్ లేకుండా పెట్టుకోవద్దు, గ్యాసంతా దానికే పోతుంది. పెసరపప్పు వేయించి పొడి కొట్టుకొని వెళ్తే పది నిమిషాల్లో ఉడుకుతుంది.

అగ్గిపెట్టె తడవకుండా ఎలా?

పుల్లలతోపాటు పెట్టె పక్కనున్న గరుకు పట్టీ కూడా పొడిగా ఉండాలి. భద్రత అగ్గిపుల్లలు మండటానికి కావాల్సిన ఎర్ర ఫాస్ఫరస్ ఆ పట్టీలోనే ఉంటుంది, బండకు గీస్తే అంటుకోవు. పట్టీని కత్తిరించి పుల్లలతో కలిపి మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పట్టీ గరుకు వైపు పుల్లల తలలకు తగలకుండా మధ్యలో కాగితం ఉంచండి.

తడి రోజుల్లో కట్టెలు అంటించడానికి ఏదైనా కొనాలా?

కిరాణా కొట్టులో దొరికే కర్పూరం కంటే మంచిది నేను చూడలేదు. రవ్వకు అంటుకుంటుంది, గాలికి తొందరగా ఆరదు, రెండు బిళ్లలు చాలు. గాలి తగిలితే హరించుకుపోతుంది కాబట్టి గట్టి మూత డబ్బాలో ఉంచండి. తిండి సామానుకు దూరంగా పెట్టండి, మింగితే విషం, పిల్లలకు మరీ ప్రమాదం. వాజిలీన్ పట్టించిన దూది ఉండలు కూడా బాగా పనిచేస్తాయి, ఒక్కోటి కొన్ని నిమిషాలు మండుతుంది. ఎండిన కొబ్బరి పీచు ఫెర్రో రాడ్ రవ్వను చక్కగా పట్టుకుంటుంది. సైకిల్ ట్యూబ్ ముక్కలు కొందరు వాడతారు, వానలోనూ మండుతాయి గాని ఆ పొగ పీల్చాల్సింది కాదు.

గ్యాస్ డబ్బాను బస్సులో, రైల్లో, విమానంలో తీసుకెళ్లొచ్చా?

విమానంలో చేతి సంచిలోనూ, లోపల వేసే సామానులోనూ తీసుకోరు. రైల్లో మండే వస్తువులు తీసుకెళ్లడం 1989 రైల్వే చట్టం సెక్షన్ 164 కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. జనంతో నిండిన బస్సులో కూడా వద్దు. హిమాలయాలకు వెళ్లేవాళ్లు స్టవ్ మాత్రం తీసుకెళ్లి, గ్యాస్ మనాలీ, డెహ్రాడూన్ లాంటి చోట దిగాక కొనుక్కోవాలి. స్టవ్‌ను కడిగి ఆరబెట్టి పెట్టండి, గ్యాస్ వాసన ఉంటే తనిఖీలో ఆపుతారు.

## మకాం దగ్గర

గాలికి మంట నిలవడం లేదు. చుట్టూ రేకు కట్టొచ్చా?

డబ్బా మీద బిగించిన స్టవ్‌కు చుట్టూ పూర్తిగా రేకు కట్టకండి. వేడి కిందికి తిరిగి డబ్బాను కాలుస్తుంది, డబ్బా పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే వైపు మాత్రమే సంచి, బండ అడ్డం పెట్టండి, అదీ మంటకు మూరెడు దూరంలో. మధ్యమధ్యలో డబ్బాను ముట్టుకొని చూడండి, చేతికి వేడిగా తగిలితే ఆపేయాలి. పైపుతో డబ్బా దూరంగా ఉండే స్టవ్ అయితే రేకు కట్టుకోవచ్చు. రెండు స్టవ్‌లు పక్కపక్కన పెట్టి వాటి మీద ఒకే పెద్ద గిన్నె ఎక్కించడం కూడా చేయకండి, డబ్బాల మీదికి అదే వేడి వస్తుంది.

వాన పడుతోంది. టెంట్ లోపల వండుకోవచ్చా?

వద్దు. టెంట్ బట్ట క్షణాల్లో అంటుకుంటుంది. అంతకంటే భయపడాల్సింది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు, తలనొప్పి, నిద్రమత్తు వచ్చేసరికే ఆలస్యమవుతుంది. నిప్పుల కుంపటి కూడా లోపలికి తేవద్దు. వాన ఆగేదాకా అటుకులు, పల్లీపట్టీ తినండి.

వాగు నీళ్లు కాచుకుంటే తాగొచ్చా? నల్లగొండ బోరు నీళ్లు?

వాగు నీళ్లను పలుచటి బట్టలో వడకట్టి, బుడగలు తెర్లేలా ఒక నిమిషం మరిగిస్తే క్రిములు చస్తాయి. నల్లగొండ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి వేరు. కాచితే అది పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఫ్లోరోసిస్‌తో తరాల తరబడి కష్టపడ్డ ఈ జిల్లాలో ఆ మాట అందరికీ తెలిసి ఉండాలి. నీటి నుంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే విధానానికి నల్లగొండ పేరే పెట్టారు. రెండు రోజుల ప్రయాణంలో బోరు నీళ్ల వల్ల వెంటనే ఏమీ కాదు, అయినా ఊరి మంచినీటి నల్లా దగ్గర నింపుకొని బయలుదేరడమే మంచిది.

అనుమతి ఉన్న చోట మూడు రాళ్ల పొయ్యి పెడుతున్నాం. ఏం చూసుకోవాలి?

వాగులోంచి తీసిన రాళ్లు వాడకండి. లోపలి తడి ఆవిరై రాయి పగులుతుంది, పెచ్చులు కళ్లలో పడతాయి. పరుపు బండ మీద నేరుగా మంట పెట్టినా బండ పెచ్చులూడుతుంది, మచ్చ ఉండిపోతుంది. చుట్టూ రెండు బారల మేర గడ్డి, ఆకు ఊడ్చేసి మట్టి నేల కనపడేలా చేయండి. రాలిపడ్డ చితుకులే ఏరుకోండి, పచ్చి కొమ్మ విరవకండి. బొటనవేలు లావు దాటిన కట్టె వంటకు అక్కర్లేదు. పక్కన బకెట్ నీళ్లు పెట్టాకే అగ్గి గీయండి. మంట ఆర్పడానికి నీళ్లు లేవంటే, ఆ రోజుకు మంట లేదు.

మంట ఆరిందని ఎలా తెలుస్తుంది?

చేత్తో. నీళ్లు పోయండి, కట్టెతో కలపండి, మళ్లీ పోయండి. బుస్సుమనే చప్పుడు ఆగాక అరచేతిని బూడిదకు దగ్గరగా తెచ్చి, వేడి తగలకపోతే ముట్టుకోండి. చల్లగా ఉంటేనే కదలాలి. మట్టి కప్పి వెళ్లిపోవడం చాలామంది చేసే పొరపాటు. లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది, మధ్యాహ్నం గాలికి మళ్లీ లేస్తుంది.

వాసనకు కోతులు, ఎలుగుబంట్లు వస్తాయా?

కోతులు తప్పకుండా వస్తాయి. నల్లమల చుట్టుపక్కల ఎలుగుబంట్లూ ఉన్నాయి. పడుకునే చోటికి దూరంగా వండండి, గిన్నెలు రాత్రే కడిగేయండి, మెతుకులు పారబోయకండి. బెల్లం, తేనె టెంట్‌లో ఉంచొద్దు.

## తిరిగొచ్చాక

ఖాళీ డబ్బా ఏం చేయాలి?

అక్కడ పారేయకుండా ఇంటికి తేవాలి. నిప్పులో అసలు వేయొద్దు. ఆరుబయట, మంటకు దూరంగా స్టవ్ నాబ్ తెరిచి చివరి గ్యాస్ పోనిచ్చి, ఖాళీ అయిందని చెప్పి పాత ఇనుప సామాను కొట్టులో ఇవ్వండి.

సగం వాడిన డబ్బాలో ఎంత మిగిలిందో ఎలా తెలుసుకోవాలి?

కొత్తగా ఉన్నప్పుడే వంటింటి తూకం మీద పెట్టి, బరువు డబ్బా మీద మార్కర్‌తో రాయండి. 230 గ్రాముల డబ్బా నిండుగా ఉంటే ఇనుముతో కలిపి సుమారు 380 గ్రాములు తూగుతుంది. తిరిగొచ్చాక మళ్లీ తూచి, తగ్గిన బరువు పక్కన రాయండి. మూడు ప్రయాణాలయ్యేసరికి మీ జట్టుకు రోజుకు ఎంత పడుతుందో మీ డబ్బాల మీదే రాసి ఉంటుంది. మూత పెట్టి, పిల్లలకు అందని చోట, ఎండ తగలని గదిలో ఉంచండి.